బ్రేకు తొక్కితే మీటరు బోర్డు వెలుగుతోంది, రెండు రోజులు ఆపితే బ్యాటరీ డౌన్: 1994 మోడల్ కారు వైరింగ్, సాయం కావాలి

#1 నెమ్మది_బండి
శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నాది 1994 మోడల్ పెట్రోల్ కారు. కార్బ్యురేటర్ బండి, కంప్యూటర్లు గట్రా ఏమీ లేవు. ఇంజను గడియారంలా నడుస్తుంది, గొడవంతా కరెంటుతోనే.

బ్రేకు తొక్కగానే మీటరు బోర్డులో లైట్లు మసగ్గా వెలుగుతాయి. అప్పటికి లైట్ల స్విచ్చు ఆఫ్‌లోనే ఉంటుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే టకటకా పరుగెడుతుంది, కుడిది మామూలుగానే కొట్టుకుంటుంది. వెనక ఎడమ బ్రేకు లైటు దాని ఇష్టం, బుద్ధి పుడితే వెలుగుతుంది లేకపోతే లేదు. హెడ్ లైట్లు కొవ్వొత్తుల్లా ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు బండి రెండు రోజులు కదలకపోతే మూడో రోజు సెల్ఫ్ కొట్టినప్పుడు టిక్కుమని ఊరుకుంటుంది.

ఇప్పటిదాకా మార్చినవి: వెనక బల్బులన్నీ, ఫ్లాషర్, చివరికి బ్యాటరీ. కొత్త బ్యాటరీ కూడా నాలుగో రోజుకే పడుకుంది. ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే పది నిమిషాలు చూసి, "వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది వేద్దాం" అన్నాడు.

నా దగ్గర మల్టీమీటర్ ఉంది, వాడటం ఓ మాదిరిగా వచ్చు. ఎడమ బ్రేకు హోల్డర్‌లో బల్బు తీసి, బ్రేకు తొక్కించి చూస్తే 12.3 వోల్టులు చూపిస్తోంది. అంటే వైరు బాగున్నట్టే కదా? మరి బల్బు ఎందుకు వెలగదు? ఇక్కడే బుర్ర ఆగిపోయింది.

#2 సగం_మెకానిక్
శనివారం, రాత్రి 10.05

వైరింగ్ మొత్తం పీకేద్దాం అన్నాయనకి ఓ దండం పెట్టి బండి తెచ్చేసుకోండి. అయిదు లక్షణాలు ఉన్నాయంటే అయిదు జబ్బులు ఉన్నట్టు కాదు. మీరు రాసినవాటిలో మొదటి మూడూ ఒకటే జబ్బని నా అనుమానం. రాగితీగ గారు వస్తే విడమరిచి చెప్తారు.

#3 టాప్‌గేర్_తమ్ముడు
శనివారం, రాత్రి 10.20

బ్రో, ఫ్యూజు 10 ఆంపియర్లది ఉంటే తీసేసి 20ది పెట్టు. నా బండికి అలాగే చేశా, హెడ్ లైట్లు బాగా పెరిగాయి.

#4 సగం_మెకానిక్
శనివారం, రాత్రి 10.24

తమ్ముడూ, ముందు నీ బండిలో ఆ 20 తీసి పాత 10 పెట్టు, మిగతా మాటలు తర్వాత. ఫ్యూజు ఉన్నది బల్బు కోసం కాదు, వైరు కోసం. 10 ఆంపియర్లకి సరిపడా సన్నటి వైరు మీద 20 ఫ్యూజు పెడితే, రేపు ఎక్కడైనా షార్ట్ అయినప్పుడు ముందు కాలేది వైరు. దాని పక్కనున్న వైర్లు కూడా దాంతోపాటే. ఫ్యూజు పెద్దదైనంత మాత్రాన లైటు పెరగదు. పెరిగిందంటే పాత ఫ్యూజు కాళ్లకి చిలుము పట్టి ఉండాలి, మార్చేటప్పుడు అది రాలిపోయి ఉండాలి.

#5 రాగితీగ
ఆదివారం, ఉదయం 6.50

నెమ్మది_బండి గారూ, లక్షణాలు చక్కగా రాశారు. సగం పని అయిపోయినట్టే.

ముందు ఆ 12.3 సంగతి. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. అంటే వోల్టేజి చూసేటప్పుడు అది తీసుకునే కరెంటు ఒక మైక్రో ఆంపియరు చుట్టుపక్కల. మీ బ్రేకు బల్బు 21 వాట్లది, దానికి 1.75 ఆంపియర్లు కావాలి. వైరులో ముప్పై పోగులుండి ఇరవై తొమ్మిది తెగిపోయినా, మీటరుకి ఆ మిగిలిన ఒక్క పోగు చాలు, 12.3 అని నిశ్చింతగా చూపిస్తుంది. ఎర్త్ దగ్గర, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారిలో, తుప్పు పొర ఉన్నా అంతే. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపు సగం పూడుకుపోయిందని ఎవరికి తెలుస్తుంది? తిప్పితే కదా తెలిసేది. అందుకే బల్బు పెట్టి, వెలిగించి, అప్పుడు కొలవాలి. బల్బు తీసి చూసిన రీడింగుని నమ్మి బల్బులు మార్చుకుంటూ పోతున్నవాళ్లు బోలెడుమంది.

ఇక మీటరు బోర్డు ఎందుకు వెలుగుతోందో చూద్దాం. మీ వెనక ఎడమ లైటులో బ్రేకు 21 వాట్లు, పార్కింగ్ 5 వాట్లు, ఇండికేటర్ 21 వాట్లు, ఈ ఫిలమెంట్లన్నిటికీ ఎర్త్ ఒకటే. ఆ ఎర్త్ పోయిందనుకోండి. బ్రేకు తొక్కగానే కరెంటు బ్రేకు ఫిలమెంట్ దాటి వస్తుంది. ఎర్త్ వైపు దారి లేదు. పక్కనే ఉన్న 5 వాట్ల ఫిలమెంట్‌లోకి వెనక నుంచి దూరి, పార్కింగ్ లైట్ల వైరు పట్టుకుని ముందుకి పోతుంది. మీటరు బోర్డు బల్బులు ఆ లైను మీదే ఉంటాయి కాబట్టి వాటి గుండా ఎర్త్ వెతుక్కుంటుంది. స్విచ్చు ఆఫ్‌లో ఉండగా అవి మసగ్గా వెలిగేది అందుకే. ఇండికేటర్ పరుగు కూడా ఇదే కథ. వెనక బల్బు సరిగ్గా కరెంటు తీసుకోకపోతే, ఒక బల్బు పోయిందనుకుని ఫ్లాషర్ వేగం పెంచుతుంది.

చేయాల్సిన పరీక్ష: బల్బులన్నీ హోల్డర్లలో పెట్టండి. మీటరు డీసీ వోల్టుల మీద ఉంచి, నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, ఎర్ర ప్రోబు ఆ ఎడమ లైటు ఎర్త్ రేకు మీద పెట్టండి. నెగటివ్ పోల్ అంటే సీసం దిమ్మ మీదే, దానికి బిగించిన క్లాంపు మీద కాదు. ఇప్పుడు బ్రేకు తొక్కించండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. రెండో మూడో వోల్టులు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

#6 పాతసామాను
ఆదివారం, ఉదయం 8.15

ఎర్త్ అంటే ఒక ముచ్చట గుర్తొచ్చింది. నా 1978 బండికి ఇంజను దింపి మళ్లీ ఎక్కించినప్పుడు, ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే జడలాంటి రాగి పట్టీ బిగించడం మర్చిపోయాం. సెల్ఫ్ కొడితే ఉహు, నీరసంగా తిరుగుతోంది. ఇంకోసారి కొట్టా, ఇంకోసారి కొట్టా. డాష్‌బోర్డు కింద నుంచి పొగ! చోక్ కేబుల్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ప్లాస్టిక్ తొడుగు కరిగి వేలికి అంటుకుంది.

సెల్ఫ్ మోటారుకి వంద ఆంపియర్ల పైనే కావాలి. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, పట్టీ లేకపోతే బాడీకి తిరుగుదారి ఏది? అదంతా చోక్ కేబుల్‌లోంచీ యాక్సిలేటర్ కేబుల్‌లోంచీ వెళ్లింది. మీ బండిలో ఆ పట్టీ కూడా ఓసారి చూసుకోండి. చూడటానికి బాగానే కనిపిస్తుంది, లగ్గు (కొసన బోల్టు దూరే లోహపు రింగు) దగ్గర లోపల పొడైపోయి ఉంటుంది.

#7 టాప్‌గేర్_తమ్ముడు
ఆదివారం, ఉదయం 8.40

10 ఫ్యూజు పెట్టేశా. సారీ.

#8 నెమ్మది_బండి
ఆదివారం, మధ్యాహ్నం 1.30

రాగితీగ గారూ, చేశాను. డిక్కీ నుంచి బ్యాటరీ దాకా మీటరు వైరు అందదు కదా, పాత స్పీకర్ వైరు ఒకటి జోడించి లాక్కొచ్చా. ఇంట్లో ఎవరూ లేరు, పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర ముక్క దోపి బ్రేకు నొక్కి ఉంచా.

రీడింగు 6.4 వోల్టులు!

బ్రేకు వదిలేస్తే సున్నా. ఇండికేటర్ వేస్తే 0 నుంచి 5 దాకా ఎగిరెగిరి పడుతోంది. కుడి వైపు లైటుకి ఇదే పరీక్ష చేస్తే 0.05 మాత్రమే.

డిక్కీ లోపల పట్టా ఎత్తి ఎర్త్ వైరు వెంట వెళ్లా. లైటు కింద ఒక చేయంత దూరంలో బాడీకి బోల్టుతో బిగించి ఉంది. వైరు బాగుంది, లగ్గు బాగుంది, బోల్టు గట్టిగా ఉంది. ఎక్కడా తుప్పు లేదు. ఇప్పుడేం చేయాలి?

#9 రాగితీగ
ఆదివారం, మధ్యాహ్నం 1.52

ఆ బోల్టు విప్పి లగ్గు కింద ఏముందో చూసి చెప్పండి. ఆ మూలకి ఎప్పుడైనా డెంటింగ్, పెయింటింగ్ జరిగిందా?

#10 నెమ్మది_బండి
ఆదివారం, మధ్యాహ్నం 2.45

మీరు జ్యోతిష్యం చెప్తారా అండీ? రెండేళ్ల క్రితం ఎవరో వెనక నుంచి గుద్దితే ఆ మూలంతా డెంటింగ్ చేయించి పెయింట్ వేయించా. బోల్టు విప్పి చూస్తే లగ్గు కింద తళతళలాడే కొత్త పెయింట్! లోహం మీద కాదు, పెయింట్ మీద కూర్చోబెట్టి బిగించేశారు. ఇన్నాళ్లూ కరెంటు బోల్టు మరల గుండా ఏదో కాస్త పాకుతూ ఉన్నట్టుంది. ఇప్పుడు ఆ మరలకీ తుప్పు పట్టింది.

#11 రాగితీగ
ఆదివారం, మధ్యాహ్నం 3.00

అదే. లగ్గు కూర్చునే మేరకు ఎమరీ కాగితంతో గీకి తెల్లటి లోహం తేల్చండి. లగ్గు రెండు వైపులా, బోల్టు మరలు కూడా రుద్దండి. పళ్లున్న వాషర్ వేసి బిగించండి, ఆ పళ్లు లోహంలోకి దిగి పట్టుకుంటాయి. బిగించాక పైన కాస్త వ్యాజిలిన్ పూయండి, తేమ చేరదు. ముందు పూసి తర్వాత బిగించినా ప్రమాదమేమీ లేదు, నాకైతే బిగించాకే పూయడం అలవాటు. తర్వాత అదే కర్ర, అదే స్పీకర్ వైరు, మళ్లీ కొలవండి.

#12 నెమ్మది_బండి
ఆదివారం, సాయంత్రం 4.10

0.03 వోల్టు!!!

మీటరు బోర్డు వెలగడం పోయింది. ఇండికేటర్ నిమ్మళించింది. బ్రేకు లైటు కళ్లు చెదిరేలా ఉంది. ఒక ఎమరీ కాగితం ముక్కతో పోయేదానికి నేను ఎన్ని కొన్నానో తలుచుకుంటే నవ్వొస్తోంది. తీసేసిన పాత బల్బులు దాచి ఉంచా, అన్నీ వెలుగుతున్నాయి.

ఇక బ్యాటరీ సంగతి చెప్పండి. అది కూడా ఈ ఎర్త్ వల్లేనా?

#13 చీకట్లో_హారన్
ఆదివారం, సాయంత్రం 5.30

కాదండీ, అది వేరే దొంగ. ఎర్త్ సరిగ్గా లేకపోతే కరెంటు తక్కువే వాడుతుంది, ఎక్కువ వాడదు.

తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నెగటివ్ క్లాంపు విప్పండి. ముందు నెగటివ్, ఎప్పుడూ నెగటివే. పాజిటివ్ ముందు విప్పబోతే, పానా బాడీకి తగిలిందంటే మెరుపే. నెగటివ్ తీసేశాక పాజిటివ్ విప్పేటప్పుడు తగిలినా ఏం కాదు. బిగించేటప్పుడు తిరగేసి, నెగటివ్ ఆఖర్న.

మీటరు ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, క్లాంపుకీ పోల్‌కీ మధ్య మీటరు కలపండి. మీటరు అలా మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటరు ఫ్యూజు గోవిందా. పనయ్యాక ఎర్ర వైరు మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చడం మర్చిపోకండి. అలాగే ఉంచి బ్యాటరీ వోల్టేజి చూడబోయి రెండు పోల్స్‌నీ షార్ట్ చేసినవాణ్ని నేను. ప్రోబు మొనలు ఇప్పటికీ నల్లగా ఉన్నాయి.

మీలాంటి బండికి 0.03 ఆంపియరు, అంటే 30 మిల్లీ ఆంపియర్లలోపు ఉండాలి. గడియారమూ రేడియో మెమరీ అంతకంటే తినవు.

#14 నెమ్మది_బండి
ఆదివారం, రాత్రి 7.20

0.62 ఆంపియరు చూపిస్తోంది. ఎక్కువేనా?

#15 చీకట్లో_హారన్
ఆదివారం, రాత్రి 7.31

ఎక్కువేనా ఏమిటి సారూ. 0.62ని 48 గంటలతో గుణించండి, దగ్గర దగ్గర 30 ఆంపియర్ అవర్లు. మీ బ్యాటరీ ఎంత?

#16 నెమ్మది_బండి
ఆదివారం, రాత్రి 7.33

35. అర్థమైంది. పాపం ఆ కొత్త బ్యాటరీని ఎన్ని తిట్లు తిట్టానో.

#17 చీకట్లో_హారన్
ఆదివారం, రాత్రి 7.45

ఇప్పుడు మీటరు చూస్తూ ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి. ఏది పీకితే అంకె పడిపోతుందో ఆ లైనులో వెతకాలి. పీకిన ఫ్యూజు వెంటనే పెట్టేయకుండా పక్కన వరసగా పేర్చండి, లేకపోతే రెండు లీకేజీలుంటే తికమక పడతారు. ఫ్యూజు డబ్బా తలుపు తీస్తేనే అందేట్టయితే తలుపు లైటు స్విచ్చుని టేపుతో నొక్కి ఉంచండి, అది వెలిగితే లెక్క తప్పుతుంది.

#18 గోధుమరంగు_వైరు
ఆదివారం, రాత్రి 8.10

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. రంగుల గురించి ఒక మాట. మా ఇంట్లో ఒక పాత బ్రిటిష్ కారు, ఒక పాత జర్మన్ కారు ఉన్నాయి. జర్మన్ బండిలో గోధుమరంగు వైరు అంటే ఎర్త్. బ్రిటిష్ బండిలో అదే గోధుమరంగు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చే పాజిటివ్, చాలా చోట్ల దానికి ఫ్యూజు కూడా ఉండదు. జర్మన్ బండి అలవాటులో బ్రిటిష్ బండి గోధుమరంగు వైరుని బాడీకి కలపబోయాను. బిగించకముందే, కొస తగలగానే చిన్న నిప్పురవ్వ ఎగిరింది, బతికిపోయా. నా పేరు అప్పటి నుంచి ఇదే.

ఇంకోటి, 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ బండ్లలో పాజిటివే బాడీకి కలిసి ఉండేది. అలాంటి బండికి రేడియో పెట్టేముందు రెండుసార్లు చూసుకోవాలి. వైరు రంగుని నమ్మకండి, టెస్ట్ ల్యాంపుని నమ్మండి.

#19 నెమ్మది_బండి
సోమవారం, రాత్రి 9.15

ఆఫీసు నుంచి వచ్చి ఫ్యూజుల పని చేశా. లోపలి లైట్ల ఫ్యూజు పీకగానే 0.62 నుంచి 0.20కి పడింది. రేడియో ఫ్యూజు తీస్తే 0.19. మిగతావన్నీ పీకేశా, కదలదు. ఫ్యూజు డబ్బా ఖాళీ, అయినా 0.19 ఎక్కడికో పోతోంది. దెయ్యం పట్టిందా?

#20 రాగితీగ
సోమవారం, రాత్రి 9.40

దెయ్యం కాదు, ఇద్దరు దొంగలు.

0.62 లోంచి 0.20 పోతే 0.42. 5 వాట్లని 12తో భాగించండి, 0.42 వస్తుంది. ఎక్కడో ఒక 5 వాట్ల బల్బు రాత్రింబవళ్లు వెలుగుతోంది. గ్లవ్ బాక్స్‌లోనో డిక్కీలోనో.

మిగిలిన 0.19 ఫ్యూజు డబ్బాతో సంబంధం లేనిది. ఫ్యూజులు దాటకుండా బ్యాటరీ నుంచి నేరుగా వెళ్లేవి మీ బండిలో మూడే: సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఇగ్నిషన్ స్విచ్చుకి పోయే లావు వైరు. ఆల్టర్నేటర్ వెనక లావు నట్టు కింద ఉన్న వైరు తీసి చూడండి. బ్యాటరీ నెగటివ్ విప్పాకే సుమా, ఆ వైరు ఎప్పుడూ పాజిటివ్‌లోనే ఉంటుంది. తీసిన కొసని రబ్బరు తొడుగులో పెట్టి, మళ్లీ మీటరు కలపండి.

#21 నెమ్మది_బండి
మంగళవారం, రాత్రి 8.50

ఆల్టర్నేటర్ వైరు తీశాను. 0.00. అంటే?

డిక్కీ లైటు గురించి మాత్రం ఒప్పుకోను. డిక్కీ తెరిచి స్విచ్చుని వేలితో నొక్కితే లైటు ఆరిపోతోంది. వదిలితే వెలుగుతోంది. స్విచ్చు బంగారంలా ఉంది. గ్లవ్ బాక్స్‌లో అసలు లైటే లేదు.

#22 సగం_మెకానిక్
మంగళవారం, రాత్రి 9.00

డిక్కీలో ఫోను పెట్టి వీడియో ఆన్ చేసి మూత వేయండి. నిమిషం తర్వాత తీసి చూడండి. మనం చూడనప్పుడు ఏం చేస్తుందో చూద్దాం.

#23 నెమ్మది_బండి
మంగళవారం, రాత్రి 9.25

వెలుగుతోంది!! వీడియోలో మూత పడుతుంటే లైటు ఒక్క క్షణం ఆరింది, మూత పూర్తిగా పడగానే మళ్లీ వెలిగింది. ఇదేం విచిత్రం?

#24 రాగితీగ
మంగళవారం, రాత్రి 9.50

భలే కేసు. ఇలాంటి పాత బండ్లలో లోపలి లైట్లకి పాజిటివ్ ఎప్పుడూ ఉంటుంది. స్విచ్చు ఉండేది ఎర్త్ వైపు. అంటే బల్బు దాటాక స్విచ్చు దాకా వెళ్లే వైరు ఎక్కడ బాడీకి తగిలినా లైటు వెలుగుతుంది. షార్టే, కానీ బల్బు దాటాక జరిగిన షార్టు కాబట్టి ఫ్యూజు పోదు. మీకెలా తెలుస్తుంది?

డిక్కీ మూత కీలు దగ్గర వైర్లు రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి చూడండి, అక్కడ వెతకండి. ముప్పై ఏళ్లుగా మూత తెరిచిన ప్రతిసారీ ఆ వైర్లు మడత పడి లేచాయి. మూత తెరిచినప్పుడు సాగి దూరంగా ఉంటాయి, మూసినప్పుడు ముడుచుకుని రేకుకి ఆనుకుంటాయి.

ఆల్టర్నేటర్ లోపల డయోడ్లుంటాయి. కరెంటు బ్యాటరీలోకి పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. ఒకటి లీకైతే రాత్రంతా వెనక్కి కారుతూ ఉంటుంది. నిర్ధారణ కావాలంటే ఆ వైరు మళ్లీ బిగించి, ఇంజను స్టార్ట్ చేసి, హెడ్ లైట్లు వేసి, మీటరుని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ పోల్స్ మీద చూడండి. 0.5 దాటితే డయోడ్ పోయినట్టే. ఒక మెలిక ఉంది: కొన్ని చవక మీటర్లు ఏసీ మీద పెట్టి డీసీ చూపిస్తే ఇరవై పైన ఏదో పిచ్చి అంకె చూపిస్తాయి. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఏసీలో సున్నా చూపిస్తోందో లేదో ముందే చూసుకోండి.

#25 నెమ్మది_బండి
బుధవారం, రాత్రి 10.10

ఇంజను ఆపినప్పుడు ఏసీ 0.00. స్టార్ట్ చేసి లైట్లు వేస్తే 0.9. ఆల్టర్నేటర్ శనివారం విప్పుతా.

డిక్కీ గొట్టం చీల్చి చూశా. అయిదు వైర్లు. నాలుగు బాగున్నాయి. అయిదోది, సన్నది, మడత దగ్గర ప్లాస్టిక్ ఎండిన బెరడులా పగిలి, లోపల రాగి కనిపిస్తోంది. ఎర్రగా కాదు, పచ్చగా. గోటితో గీకితే పొడి రాలింది. నాలుగు పోగులో అయిదు పోగులో మిగిలాయి. దాని ఎదురుగా కీలు రేకు మీద పెన్ను మొనంత గుండ్రటి మెరుపు మచ్చ, అక్కడే రుద్దుకుంటూ ఉంది. ఆ మచ్చ చూసి చాలాసేపు అలాగే నిలబడ్డా.

టంకం పెట్టి అతికించనా?

#26 పాతసామాను
బుధవారం, రాత్రి 10.30

టంకం వేసి పైన టేపు చుట్టేయండి, నలభై ఏళ్లుగా నేను అదే చేస్తున్నా.

#27 రాగితీగ
బుధవారం, రాత్రి 10.48

పెద్దాయన మాట కాదంటున్నందుకు మన్నించాలి, కానీ కీలు దగ్గర మాత్రం టంకం వద్దు. కరిగిన టంకం పోగుల మధ్యకి పాకి వైరు పుల్లలా గట్టిపడుతుంది. రోజూ మడత పడే చోట ఆ గట్టి భాగం అంచునే మళ్లీ తెగుతుంది. పచ్చబడ్డ రాగికి టంకం అసలు అంటుకోదు కూడా. పచ్చదనం పోయి ఎర్రటి రాగి కనిపించేదాకా రెండు వైపులా కత్తిరించండి. ఒక్కోసారి ప్లాస్టిక్ కింద చాలా దూరం పాకి ఉంటుంది. మధ్యలో మెత్తటి కొత్త వైరు ముక్క వేసి, జాయింట్లు రెండూ మడత పడని చోటికి వచ్చేలా చూసుకుని, క్రింప్ చేసి (లోహపు తొడుగులో పెట్టి నొక్కి), వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

#28 పాతసామాను
బుధవారం, రాత్రి 11.02

మడత పడే చోటైతే ఒప్పుకుంటున్నా. మిగతా చోట్ల నా టంకానికి తిరుగు లేదు.

#29 రెండు_ముళ్లు
గురువారం, మధ్యాహ్నం 12.15

ఇదే దారంలో అడగొచ్చో లేదో. నా పాత కారులో పెట్రోల్ ముల్లూ టెంపరేచర్ ముల్లూ రెండూ ఒకేసారి పైకి పోతున్నాయి. ట్యాంకు సగమే ఉంది, ఇంజను వేడిగా లేదు.

#30 రాగితీగ
గురువారం, మధ్యాహ్నం 1.05

రెండూ కలిసి పోతున్నాయంటే సెన్సర్లు కాదు. ఇంజనులో ఒకటి, ట్యాంకులో ఒకటి ఉన్న సెన్సర్లు కూడబలుక్కుని పాడవవు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది మీటరు బోర్డు వెనక ఉండే వోల్టేజి స్టెబిలైజర్. ఆ కాలం బండ్లలో అది వేడికి వంగే రేకు, ఆన్ ఆఫ్ అవుతూ సగటున 10 వోల్టులు పంపుతుంది. అది అతుక్కుపోయినా, దాని ఎర్త్ పోయినా పూర్తి వోల్టేజి ముళ్లకి వెళ్తుంది. ముందు ఎర్త్ చూడండి. వేరే దారం మొదలుపెడితే ఇంకా మాట్లాడుకుందాం.

#31 నెమ్మది_బండి
శనివారం, సాయంత్రం 6.30

ఆల్టర్నేటర్ విప్పి బాగుచేయించా. డయోడ్ల ప్లేటు మార్చారు, బొగ్గులు కూడా అరిగి ఉంటే అవీ మార్చారు. ఇప్పుడు చార్జింగ్ 14.1 వోల్టులు, ఏసీ 0.02. తాళం తీసి, తలుపులు మూసి, అన్నీ ఆపాక లీకేజీ 0.01 ఆంపియరు.

డిక్కీ వైరు మీరు చెప్పినట్టే వేశా. పచ్చదనం కోసం ఒక వైపు జానెడు కత్తిరించాల్సి వచ్చింది.

హెడ్ లైట్లు మాత్రం ఇంకా మసగ్గానే ఉన్నాయి. వెలిగించే కొలిచా, నేర్చుకున్నా కదా. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.9, బల్బు పిన్నుల మధ్య 11.8. బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బు పాజిటివ్‌కి 1.8 పోతోంది, ఎర్త్ వైపు 0.3.

#32 చీకట్లో_హారన్
శనివారం, రాత్రి 7.10

కొలిచిన తీరు చూస్తే ముచ్చటేస్తోంది. హ్యాలోజన్ బల్బు వెలుగు వోల్టేజిని బట్టి నేరుగా కాదు, దాదాపు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. 13.9కి బదులు 11.8 అందుతోందంటే వెలుగులో 40 శాతం పైనే పోయినట్టు. ఆ 1.8 వోల్టులు స్విచ్చులోనూ పాత సన్న వైర్లలోనూ వేడిగా మారుతున్నాయి. రెండు బల్బుల కరెంటు కలిపితే 15 వాట్ల దాకా, చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. కాసేపు లైట్లు వేసి స్టీరింగ్ పక్కన స్విచ్చు కాడ మొదలు పట్టుకుని చూడండి.

దీనికి మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చు. 30వ పిన్నుకి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు దాటించి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 87 నుంచి బల్బులకి అదే లావు వైరు. ఇప్పుడు బల్బుకి వస్తున్న పాత వైరుని 86కి ఇవ్వండి, 85 ఎర్త్‌కి. స్విచ్చు మోయాల్సింది ఇక రిలే కాయిల్ కరెంటే, 0.2 ఆంపియర్‌కి లోపే. హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి, రెండు రిలేలు. ఫ్యూజులు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఎర్త్ వైపు 0.3కి మందు మీకు తెలిసిందే.

#33 నెమ్మది_బండి
శనివారం, రాత్రి 7.40

ఎమరీ కాగితం. స్విచ్చు కాడ నిజంగానే వేడిగా ఉందండోయ్. రిలేల పని వచ్చే ఆదివారం. ముందు ఈ లీకేజీ సంగతి తేలాలి, బండి అయిదు రోజులు కదపకుండా పెడుతున్నా.

#34 నెమ్మది_బండి
శుక్రవారం, ఉదయం 7.05

అయిదు రోజులు దాటి ఇంకో రాత్రి కూడా అయింది. పొద్దున్నే బ్యాటరీ 12.5. సెల్ఫ్ ఒక్కసారి కొట్టా, పట్టుకుంది.

#35 సగం_మెకానిక్
శుక్రవారం, ఉదయం 7.20

మరి ఆ వైరింగ్ మొత్తం పీకేద్దామన్నాయన?

#36 నెమ్మది_బండి
శుక్రవారం, ఉదయం 7.26

నిన్న దారిలో కనిపించాడు. "ఏం, చేయించేశారా?" అన్నాడు. అవునన్నా. "ఎన్ని మీటర్ల వైరు పట్టింది?" అన్నాడు. జానెడు అన్నా.